బ్యాక్ టు ద ఫ్యూచర్: ద గేమ్ (సినిమా కథకు ఆటలో కొనసాగింపు)

‘బ్యాక్ టు ద ఫ్యూచర్: ద గేమ్’ అదే పేరుతో వచ్చిన మూడు హాలీవుడ్ సినిమాల ఆధారంగా తయారైన అడ్వెంచర్ వీడియో గేమ్. కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్‌లో పనిచేసిన టెల్‌టేల్ గేమ్స్ సంస్థ దీన్ని 2010 డిసెంబరు, 2011 జూన్ మధ్య ఐదు భాగాలుగా విడుదల చేసింది. సినిమాల రచయితల్లో ఒకరైన బాబ్ గేల్ కథా సలహాదారుగా ఉన్నారు. డాక్టర్ ఎమ్మెట్ బ్రౌన్ పాత్రకు సినిమాల్లో ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ లాయిడ్ స్వయంగా గొంతు ఇచ్చారు. సినిమా పేరు పెట్టుకుని వచ్చిన ఆటలు వందల్లో ఉన్నా, సినిమా ఆగిన చోటు నుంచి కథను నిజంగా ముందుకు నడిపినవి కొన్నే. వాటిలో దీనిది ముందు వరస.

శాన్ రామన్ వాసులకు ఈ ఆటతోనూ, సినిమాలతోనూ దారి చుట్టరికం ఉంది. కాంట్రా కోస్టా కౌంటీలోని ఈ ఊరు 1983లో నగరంగా ఏర్పడింది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 84,605 మంది ఉన్నారు. డోర్టీ వ్యాలీ వైపు కట్టిన కొత్త కాలనీల్లో భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి, వాటిలో తెలుగు ఇళ్లూ తక్కువేమీ కాదు. ఊరికి దక్షిణాన ఆనుకుని ఉన్న డబ్లిన్ మీదుగా 580 హైవే సాగుతుంది. దాని మీద పడమరకు పోతే ఓక్లాండ్, రిచ్‌మండ్ దాటాక వంతెన వస్తుంది, వంతెన అవతల శాన్ రఫేల్. 580 అక్కడితో అయిపోతుంది. ఆట పుట్టింది అక్కడే. తూర్పుకు తిరిగి, తర్వాత సియెరా కొండల వైపు మళ్లితే జేమ్స్‌టౌన్ వస్తుంది. మూడో సినిమాలోని రైలు సన్నివేశాలు తీసింది ఆ పరిసరాల్లోనే. వాటిలో కనిపించిన సియెరా నంబర్ 3 అనే పాత ఆవిరి ఇంజన్ ఇప్పటికీ అక్కడి రైల్‌టౌన్ 1897 స్టేట్ హిస్టారిక్ పార్కులో ఉంది. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లదగ్గ చోటు.

సినిమాలు

రాబర్ట్ జెమెకిస్ దర్శకత్వంలో మొదటి సినిమా 1985 జులైలో, రెండోది 1989లో, మూడోది 1990లో వచ్చాయి. కథంతా కాలిఫోర్నియాలోని హిల్ వ్యాలీ అనే కల్పిత ఊళ్లో జరుగుతుంది. మార్టీ మెక్‌ఫ్లై అనే కుర్రాడు డాక్టర్ బ్రౌన్ డెలోరియన్ కారులో అమర్చిన కాలయంత్రం ఎక్కి 1955కు, 2015కు, 1885కు వెళ్తాడు. కారు గంటకు 88 మైళ్ల వేగం అందుకోవాలి, 1.21 గిగావాట్ల కరెంటు దొరకాలి. అప్పుడే కాలం దాటడం సాధ్యం. గతంలో ఒక్క పుల్ల కదిలించినా వర్తమానం మారిపోతుంది. మార్టీ జేబులోని ఫొటోలోంచి అన్న, అక్క, చివరికి తనూ ఒక్కొక్కరుగా మాయమవుతూ పోవడం ఆ నియమాన్ని చిన్నపిల్లలకు కూడా ఇట్టే అర్థం చేయించింది.

మన ప్రేక్షకులకు కాలయంత్రాన్ని ఇంటి మనిషిని చేసింది 1991 జులైలో వచ్చిన సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’. అందులో టిన్నూ ఆనంద్ ప్రొఫెసర్ రామదాసు, బాలకృష్ణ కృష్ణకుమార్, శ్రీకృష్ణదేవరాయలు. యంత్రం ఒకసారి 1526 నాటి విజయనగరానికి, మరోసారి 2504కు పోతుంది. సింగీతం ఈ కథకు మూలంగా చెప్పింది హెచ్. జి. వెల్స్ నవలను. అయినా ఆ తరం తెలుగు పిల్లలు తర్వాత ఎప్పుడో డెలోరియన్‌ని చూసినప్పుడు కొత్త పడలేదు, కాలంలో ప్రయాణమంటే ఏమిటో వాళ్లకు అప్పటికే తెలుసు. ఈ రెండు కథల్లోనూ కాలయంత్రం మనిషిని అతని సొంత ఊరి చరిత్రలోకి, సొంత జాతి చరిత్రలోకి తీసుకెళ్తుంది. పిల్లల మనసులో రెండూ అంతగా నాటుకుపోవడానికి కారణం అదేనని ఈ వ్యాసకర్త నమ్మకం.

సినిమా ఆటలకు చెడ్డపేరు ఎలా వచ్చింది

టెల్‌టేల్ పని విలువ తెలియాలంటే అంతకు ముందు ముప్పై ఏళ్లలో ఇదే ప్రాంతంలో జరిగినదాన్ని కాస్త చూడాలి. సినిమా ఆటల చరిత్రలో అతి పెద్ద పరాజయమూ, అతి మంచి పాఠాలూ శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనే పుట్టాయి.

పరాజయం సన్నీవేల్‌లోని అటారీది. 1982లో స్పీల్‌బర్గ్ ‘ఈ.టి.’ ప్రపంచాన్ని ఊపేస్తున్నప్పుడు, అటారీ యజమాని అయిన వార్నర్ కమ్యూనికేషన్స్ ఆ సినిమా హక్కుల కోసం భారీ మొత్తం గుమ్మరించింది. 2 కోట్ల డాలర్లకు పైనే అని అప్పట్లో పత్రికలు రాశాయి. బేరసారాలు ముగిసేసరికి జులై నెలాఖరైంది. క్రిస్మస్ అమ్మకాలకు సరుకు అందాలంటే సెప్టెంబరు మొదటికల్లా ఆట తయారైపోవాలి. ఆ పని హోవర్డ్ స్కాట్ వార్‌షా అనే ప్రోగ్రామర్ మీద పడింది. అదే ఏడాది ‘రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్’ ఆటను తయారుచేసిన మనిషి. ఒక ఆటకు నెలలు పట్టే ఆ రోజుల్లో ఆయనకు దక్కింది ఐదు వారాలు. ఆయన మాట నిలబెట్టుకున్నారు, గడువులోపల ఆట పూర్తి చేశారు. కానీ ఆడే పిల్లలు ఈ.టి.ని నడిపిస్తుంటే అది పదే పదే గోతుల్లో పడేది. పైకి వచ్చేదాకా మెడ సాచి తేలించాలి, వచ్చిన వెంటనే మళ్లీ పడొచ్చు. తప్పు ఎక్కడ జరిగిందో పిల్లలకు బోధపడేది కాదు. అమ్ముడుపోని క్యాట్రిడ్జులు గుట్టలు పడ్డాయి. 1983 సెప్టెంబరులో అటారీ తన మిగులు సరుకును న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తకుప్పలో పూడ్చింది. అదంతా కట్టుకథేనని చాలామంది అనుకుంటూ వచ్చారు. 2014 ఏప్రిల్‌లో తవ్వితే నిజంగానే ‘ఈ.టి.’ క్యాట్రిడ్జులు బయటపడ్డాయి. 1983లో అమెరికా వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలడానికి ఈ ఒక్క ఆటే కారణమనడం అన్యాయం. దుకాణాల్లో నాసిరకం ఆటలు అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. అయితే హక్కులకు కోట్లు, తయారీకి వారాలు అనే లెక్క ఎంత ప్రమాదకరమో అది తేల్చి చెప్పింది.

‘బ్యాక్ టు ద ఫ్యూచర్’కూ అదే గతి పట్టింది. 1985లోనే బ్రిటన్‌కు చెందిన ఎలక్ట్రిక్ డ్రీమ్స్ ఇళ్లలోని చిన్న కంప్యూటర్ల కోసం ఒక ఆట తెచ్చింది. 1989లో నింటెండో ఎన్ఈఎస్ మీద ఎల్‌జేఎన్ సంస్థ మరొకటి విడుదల చేసింది, తయారుచేసింది ఆస్ట్రేలియాలోని బీమ్ సాఫ్ట్‌వేర్. వీధిలో పైకి నడుస్తూ పోయే మార్టీ మీదికి తేనెటీగలు, హులాహూప్ తిప్పే అమ్మాయిలు, గాజు పలక మోసుకుపోయే మనుషులు వస్తుంటారు. వాళ్లను తప్పించుకుంటూ గడియారాలు ఏరుకోవాలి. సినిమా కథకూ దీనికీ పేరు తప్ప పొత్తు లేదు. సినిమా రాసిన బాబ్ గేలే ఈ ఆటను బహిరంగంగా తప్పుపట్టారు. 1993లో జపాన్‌లో మాత్రమే విడుదలైన ‘సూపర్ బ్యాక్ టు ద ఫ్యూచర్ 2’ చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మొదటి ఆటల కంటే అది మేలు. అందులోనూ ఉన్నది దూకడం, పరుగెత్తడమే.

మారిన్ కౌంటీ సంప్రదాయం

అటారీ చరిత్రకు భిన్నమైనది బే అవతలి ఒడ్డున, శాన్ రఫేల్ ఉన్న మారిన్ కౌంటీలో మొదలైంది. జార్జ్ లూకాస్ 1982లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ విభాగం పెట్టారు, 1990 నుంచి అది లూకాస్‌ఆర్ట్స్. 1987లో ‘మేనియాక్ మ్యాన్షన్’ కోసం రాన్ గిల్బర్ట్ బృందం తయారుచేసిన స్కమ్ అనే సాధనంతో వాళ్లు ఒక పద్ధతిని స్థిరపరిచారు. తెర మీద ‘తెరువు’, ‘మాట్లాడు’, ‘తీసుకో’ వంటి క్రియలు ఉంటాయి. ఒకదాన్ని, బొమ్మలో ఒక వస్తువును మౌస్‌తో ఎంచుకుంటే పాత్ర ఆ పని చేస్తుంది. వేళ్ల చురుకుదనంతో ఇక్కడ పనిలేదు, ఆలోచన, సంభాషణ, హాస్యం ముఖ్యం.

1989లో ‘ఇండియానా జోన్స్ అండ్ ద లాస్ట్ క్రుసేడ్’ సినిమా కథనే ఈ పద్ధతిలోకి తెచ్చారు. 1992లో ‘ఇండియానా జోన్స్ అండ్ ద ఫేట్ ఆఫ్ అట్లాంటిస్’ వచ్చింది. హాల్ బార్‌వుడ్, నోవా ఫాల్‌స్టీన్ దీని రూపకర్తలు. ఇది ఏ సినిమాలోనూ లేని కొత్త కథ. బుర్రతో, బలంతో, జోడీగా అని మూడు దారులు పెట్టి, ఆడేవాళ్ల స్వభావాన్ని బట్టి కథ నడిచేలా చేశారు. కథ తెలిసిపోయిన సినిమాను మళ్లీ ఆడించేకంటే, ఆ పాత్రకు తగిన కొత్త సాహసం ఇస్తే ఆటకు ఊపిరి వస్తుందని ఈ రెండు ఆటలను పక్కపక్కన ఆడినవాళ్లకు తెలిసొస్తుంది. టెల్‌టేల్ అందుకున్న వారసత్వం ఇదే.

2004 మార్చిలో లూకాస్‌ఆర్ట్స్ ‘శామ్ అండ్ మ్యాక్స్: ఫ్రీలాన్స్ పోలీస్’ అనే ఆటను మధ్యలో ఆపేసింది. అడ్వెంచర్ ఆటలకు కాలం చెల్లిందని అప్పటి వ్యాపార లెక్క. అక్కడ పనిచేసిన కెవిన్ బ్రూనర్, డాన్ కానర్స్, ట్రాయ్ మొలాండర్ అదే ఏడాది శాన్ రఫేల్‌లో టెల్‌టేల్ పెట్టారు. ఆటను టీవీ సీరియల్‌లా భాగాలుగా చేసి, ఇంటర్నెట్‌లో అమ్మడం వాళ్ల ఆలోచన. 2006లో శామ్, మ్యాక్స్ పాత్రలతోనే దాన్ని రుజువు చేశారు. 2009లో ‘వాలెస్ అండ్ గ్రోమిట్’, ‘టేల్స్ ఆఫ్ మంకీ ఐలాండ్’ వచ్చాయి. యూనివర్సల్ స్టూడియో నుంచి ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’, ‘జురాసిక్ పార్క్’ హక్కులు తీసుకునేనాటికి వాళ్లకు ఈ విద్యలో చేయి తిరిగింది.

ఆట కథ

కథ మొదలయ్యేది 1986 మే 14న. మూడో సినిమా ముగిసి కొన్ని నెలలైంది. డాక్టర్ బ్రౌన్ జాడ లేదు, ఆయన సామాను అమ్మేస్తున్నారు, అమ్మకం చూస్తున్నది మార్టీ తండ్రి జార్జ్. అప్పుడు హఠాత్తుగా డెలోరియన్ ప్రత్యక్షమవుతుంది. లోపల మనిషి లేడు. డాక్టర్ కుక్క ఐన్‌స్టీన్ ఉంది, ఒక టేపు రికార్డరు, ఒక ఆడమనిషి చెప్పు ఉన్నాయి. టేపులో డాక్టర్ గొంతు సాయం కోరుతుంది.

ఆ చెప్పు ఎవరిదో వెతికితే దారి ఎడ్నా స్ట్రిక్‌ల్యాండ్ అనే ముసలావిడ ఇంటికి పోతుంది. పాత పత్రికలన్నీ దాచుకునే ఆవిడ. వాటిలో 1931 నాటి వార్త దొరుకుతుంది. మద్యనిషేధం అమల్లో ఉన్న ఆ రోజుల్లో, దొంగచాటు సారాకొట్టు తగలబెట్టాడన్న నేరం మీద ‘కార్ల్ సేగన్’ అనే మనిషి అరెస్టయ్యాడు. కిడ్ టానెన్ ముఠా అతన్ని చంపేసింది. ఆ పేరు పెట్టుకున్నది డాక్టర్ బ్రౌనే. మార్టీ 1931కి వెళ్లి ఆయన్ని కాపాడాలి. కాపాడటానికి సాయం అడగాల్సింది అప్పటికి 17 ఏళ్ల కుర్రాడైన ఎమ్మెట్ బ్రౌన్‌నే. తండ్రి జడ్జి, కొడుకు లాయరు కావాలన్నది ఆయన పట్టుదల. కొడుకు మనసు మాత్రం దొంగచాటుగా చేస్తున్న రాకెట్ డ్రిల్లు మీద ఉంటుంది. డ్రిల్లు నడవాలంటే ఆల్కహాలు కావాలి. మద్యం నిషేధించిన ఊళ్లో ఆల్కహాలు సంపాదించడమే మొదటి భాగంలోని ప్రధాన చిక్కుముడి. సూప్ పంచే సత్రం వెనకాల సారా వ్యాపారం నడుస్తోందని కనిపెట్టాలి.

ఇక్కడే ఆట గొప్పదనం తెలుస్తుంది. మొదటి సినిమాలో మార్టీ తన తల్లిదండ్రులను కుర్రవయసులో చూశాడు. ఆటలో తన గురువును కుర్రవయసులో చూస్తున్నాడు. సినిమాలు చెప్పకుండా వదిలేసిన ఖాళీ అది. ఎమ్మెట్ బ్రౌన్ శాస్త్రవేత్త ఎలా అయ్యాడు, కాకపోయి ఉంటే ఏమయ్యేవాడు? మూడో భాగం ‘సిటిజన్ బ్రౌన్’ రెండో ప్రశ్నకు జవాబు. మార్టీ 1986కు తిరిగొచ్చేసరికి హిల్ వ్యాలీ చుట్టూ గోడ లేచింది. ఎక్కడ చూసినా నిఘా కెమెరాలు, తప్పు చేస్తే చెడ్డ మార్కులు. ఊరిని ఏలుతున్నది డాక్టర్ బ్రౌన్, ఆయన భార్య ఎడ్నా. 1931లో పరిచయమైన నీతి పట్టింపుల అమ్మాయి పక్కన చేరడంతో, ఆవిష్కర్త కావలసినవాడు నియంతకు పనిముట్టయ్యాడు. మనిషికి మేలు చేద్దామన్న తపనే ఎదుటివాడి స్వేచ్ఛను ఎలా మింగుతుందో ఇంత సూటిగా చూపిన పిల్లల ఆట మరొకటి చెప్పడం కష్టం. ఐదు భాగాల్లో అన్నిటికంటే బలమైనది ఇదే.

చిన్న చిన్న చోట్ల కూడా రచయితల శ్రద్ధ కనిపిస్తుంది. సినిమాలో మార్టీ 1955లో క్యాల్విన్ క్లైన్ అయ్యాడు, 1885లో క్లింట్ ఈస్ట్‌వుడ్ అయ్యాడు. ఆటలో 1931కి చేరాక పేరు అడిగితే మూడు మారుపేర్లు తెర మీదికి వస్తాయి: సానీ క్రాకెట్, హ్యారీ క్యాలహన్, మైకేల్ కార్లియోని. మొదటివాడు ‘మయామీ వైస్’ సీరియల్లో పోలీసు, రెండోవాడు ‘డర్టీ హ్యారీ’లో శాన్ ఫ్రాన్సిస్కో పోలీసు, మూడోవాడు ‘గాడ్‌ఫాదర్’ కథానాయకుడు. 1986 నాటి కుర్రాడి నోటికి తట్టే పేర్లే ఇవన్నీ. ఆడేవారు ఏది ఎంచుకుంటే, 1931 మనుషులు ఆ తర్వాత మార్టీని ఆ పేరుతోనే పిలుస్తారు. కథ మీద ప్రభావం ఏమీ ఉండదు. అయినా పేరు తాను పెట్టిందన్న చనువుతో ఆడేవాడు ఆ ఊరివాడైపోతాడు.

గొంతులు

ఈ ఆట నిలబడింది గొంతుల మీద. క్రిస్టఫర్ లాయిడ్ అప్పటికి డెబ్బై దాటినవారు. ఒక్కో మాట మీద ఎగిరిపడే ఆ పాత ధోరణి మాత్రం చెక్కుచెదరలేదు. కుర్ర ఎమ్మెట్‌కు జేమ్స్ ఆర్నాల్డ్ టేలర్ గొంతు ఇచ్చారు. రెండు వయసులు ఎదురుపడే సన్నివేశాల్లో ఇద్దరూ ఒకే మనిషని వినగానే ఒప్పుకుంటాం. మొదటి సినిమాలో మార్టీ ప్రియురాలు జెన్నిఫర్‌గా నటించిన క్లాడియా వెల్స్ ఆటలో తన పాత్రను మళ్లీ పలికారు.

మార్టీ మాటే కష్టం. సినిమాల్లో ఆ పాత్ర వేసిన మైకేల్ జె. ఫాక్స్ 1991లో పార్కిన్సన్స్ బారిన పడ్డారు, 1998లో ఆ సంగతి లోకానికి చెప్పారు, 2000లో ఆ వ్యాధి పరిశోధన కోసం ఫౌండేషన్ పెట్టారు. ఐదు భాగాల పొడుగునా మాట్లాడే ప్రధాన పాత్రను అప్పటికి పెద్దగా పేరులేని ఏ. జె. లొకాషియోకు అప్పగించారు. కుర్ర ఫాక్స్ గొంతు తడబాటును, పై స్థాయిలో విరిగే స్వరాన్ని ఆయన ఎంత దగ్గరగా పట్టుకున్నారంటే, సినిమా ఆపి ఆట మొదలుపెట్టినవాళ్లకు తేడా తెలియదు. ముందస్తుగా కొన్న ప్రతి కాపీకి ఒక డాలరు చొప్పున టెల్‌టేల్ ఫాక్స్ ఫౌండేషన్‌కు ఇచ్చింది. చివరి భాగంలో ఫాక్స్ స్వయంగా వచ్చారు. మార్టీ ముత్తాత విలియం మెక్‌ఫ్లైగానూ, భవిష్యత్తు నుంచి దిగే మార్టీలుగానూ వినిపించారు. సినిమాల్లో ప్రతినాయకుడు బిఫ్ పాత్ర వేసిన టామ్ విల్సన్ మొదట్లో లేరు. 2015లో సినిమాకు ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ యంత్రాల కోసం తెచ్చిన కూర్పులో ఆయన గొంతు చేర్చారు. సంగీతం జారెడ్ ఎమర్సన్-జాన్సన్‌ది. ఆలన్ సిల్వెస్ట్రీ సినిమాలకు కట్టిన బాణీలను అందులో వాడుకున్నారు.

లోపాలు

ఆట బాగా సులువు. లూకాస్‌ఆర్ట్స్ కాలం నాటి చిక్కుముళ్లతో రాత్రిళ్లు మేలుకున్నవాళ్లకు ఇందులోవి ఆటలో అరటిపండు. ఎటూ తోచకపోతే సూచనలు దశలవారీగా జవాబునే చెప్పేస్తాయి. అవే వీధులు, అదే కోర్టు కూడలి మళ్లీ మళ్లీ వస్తాయి, నాలుగో భాగంలో విసుగు పుడుతుంది. నడక మొద్దుగా ఉంటుంది. అయితే సినిమా మీద ప్రేమతో వచ్చి, ఆటలకు అలవాటు లేని అమ్మానాన్నలు పిల్లల పక్కన కూర్చుని ఆడగలిగింది ఈ సులువు వల్లే. ఎవరికోసం చేశారో ఎరిగి చేసిన పని కాబట్టి దీన్ని పెద్ద నేరంగా చూడనక్కర్లేదు. నిజంగా బాధ పెట్టేది ముగింపు. వేర్వేరు భవిష్యత్తుల నుంచి ముగ్గురు మార్టీలు దిగి, సాయం తనకే కావాలని ఒకరితో ఒకరు వాదులాడుకుంటుంటే కథ అయిపోతుంది. దాని కొనసాగింపు రానేలేదు.

టెల్‌టేల్ తర్వాతి అడుగు ‘జురాసిక్ పార్క్’ 2011 నవంబరులో వచ్చింది, అంతగా మెప్పించలేదు. 2012లో ‘ద వాకింగ్ డెడ్’తో సంస్థ పేరు మోగిపోయింది. ఆ తర్వాత హక్కుల మీద హక్కులు కొంటూ, ఒకేసారి అనేక ఆటలు తయారుచేస్తూ, ఉద్యోగుల మీద గడువుల భారం మోపుతూ పోయింది. 2018 సెప్టెంబరులో సుమారు 250 మందిని ఒక్క రోజున ఇంటికి పంపి కంపెనీ మూతపడింది. మరుసటి ఏడాది ఆ పేరు, కొన్ని ఆటలు కొన్న కొత్త యజమానులు టెల్‌టేల్‌ను మళ్లీ తెరిచారు గానీ అది వేరే సంస్థ.

తెలుగు నేల మీద

సినిమాను ఆటగా మార్చే ప్రయత్నం హైదరాబాద్‌లోనూ జరిగింది. ఎఫ్ఎక్స్‌ల్యాబ్స్ స్టూడియో 2008లో ఆమిర్ ఖాన్ ‘గజిని’ ఆధారంగా కంప్యూటర్ ఆట తయారుచేసింది. అది సినిమాతోపాటే విడుదల కావాలన్న పంతంతో వచ్చిన ఆట. 2017లో ‘బాహుబలి 2’ వచ్చే సమయానికి ఆర్కా మీడియా వర్క్స్‌తో కలిసి బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ‘బాహుబలి: ద గేమ్’ అనే మొబైల్ ఆట తెచ్చింది. మాహిష్మతిని కోటలతో బలపరచుకోవడం, కాలకేయులతో తలపడటం ఇందులో ముఖ్యం. బొమ్మలు బాగున్నాయి, పాత్రలు కనిపిస్తాయి. కానీ శివగామి మనసులో ఏముందో, కట్టప్ప ఏ ఘడియలో ఏ ఎంపిక ముందు నిలబడ్డాడో ఆడేవాడికి అనుభవంలోకి రాదు. కోట కట్టే ఆటకు బాహుబలి రంగు వేశారు, అంతే. రెండింటికీ గడువు నిర్ణయించింది సినిమా విడుదల తేదీ.

‘ఆదిత్య 369’ 2025లో 4కె రూపంలో మళ్లీ థియేటర్లకు వచ్చింది. అడ్వెంచర్ ఆటకు కావలసినవన్నీ ఆ కథలో ఉన్నాయి: విజయనగర రాజసభ, పోగొట్టుకున్న వజ్రం, తెనాలి రామకృష్ణుడి తెలివితేటలు, చిక్కుముళ్లకు తరగని అవకాశం. దాన్ని ఆటగా చేయదలచినవాళ్లకు శాన్ రఫేల్ పద్ధతి చేతికి అందుతుంది. సినిమాలో జరిగినదాన్ని మళ్లీ జరిపించకుండా, రామదాసు యంత్రం వెళ్లని మరో కాలాన్ని ఎంచుకోవాలి. రాసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. పండగ గడువు పెట్టుకోకూడదు.

ప్రస్తుత స్థితి

హక్కుల ఒప్పందాలు ముగిశాక ‘బ్యాక్ టు ద ఫ్యూచర్: ద గేమ్’ ఆన్‌లైన్ దుకాణాల నుంచి తొలగిపోయింది. అంతకు ముందే కొన్నవారి ఖాతాల్లోనూ, పాత డిస్కుల మీదా మాత్రమే మిగిలింది. ఇది దీని ఒక్కదాని కష్టం కాదు. బే ఏరియాలోనే ఉన్న వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 జులైలో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మామూలు మార్గంలో కొనడానికి దొరకవు. 2010 చివర్లో వచ్చిన ఈ ఆట ఆ లెక్కలోకి రాదు. శాన్ రామన్‌లో ఉన్న కుటుంబం ఇవాళ దీన్ని పిల్లలకు చూపించాలనుకుంటే ప్లేస్టేషన్ 4 లేదా ఎక్స్‌బాక్స్ డిస్కు సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాలి. టామ్ విల్సన్ గొంతు ఉన్నది 2015 కూర్పులోనే కనుక, దొరికితే దాన్నే తీసుకోవడం మంచిది.